విక్టోరియా డాక్ నుండి బైకుల్లా దాకా

ఏటా ఏప్రిల్ 14వ తేదీ ఉదయం మన కర్మాగారపు ఫైర్ స్టేషన్ ముందు సైరన్ మ్రోగుతుంది. రెండు నిమిషాలు మౌనం పాటిస్తాము. అగ్నిమాపక వారోత్సవాలు ఆరంభమైనట్లు ప్రకటన వెలువడుతుంది. 20వ తేదీ వరకు డ్రిల్లులు, వ్యాసరచన పోటీలు, పిల్లలకు చిత్రలేఖనం, గృహిణులకు గ్యాస్ సిలిండరు జాగ్రత్తలపై ప్రదర్శనలు జరుగుతాయి. ఫైర్ సిబ్బంది మన బల్లల వద్దకు వచ్చి, చొక్కా జేబుకు చిన్న పతాకం గుచ్చి, తోచినది డబ్బాలో వేయమంటారు. వేస్తాము. ఆ రూపాయి ఎవరి ఇంటికి చేరవలెను, ఎప్పుడు చేరవలెను, ఎంతకాలం చేరుతూ ఉండవలెను అన్న ప్రశ్నలు మాత్రం సాధారణంగా ఎవరమూ వేయము. ఆ ప్రశ్నలతో ప్రయాణం చేయదగిన నగరం ముంబయి. ఏలనన ఆ తేదీ పుట్టినది అక్కడే.

రైలు దారిలో ఒక బావి

2024 ఏప్రిల్‌లో పారిశ్రామిక భద్రతపై జరిగిన ఒక సమావేశం నిమిత్తం మా విభాగం నుండి నలుగురము ముంబయి ప్రయాణమైనాము. విశాఖపట్నంలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, గోదావరి దాటి, సికింద్రాబాదు మీదుగా షోలాపూర్, పుణె గడచి, భోర్ ఘాట్ సొరంగాల గుండా కొంకణ తీరానికి దిగాము. తెల్లవారక మునుపే బండి కల్యాణ్ స్టేషనులో ఆగింది. టీ అమ్మేవారి కేకలకు మేలుకొన్న మాకు, మాలో ఫైర్ విభాగానికి చెందిన మిత్రుడు ఆ ఊరి తూర్పు భాగంలోని ఒక బావిని గురించి చెప్పినాడు.

2018 నవంబరు 1న ఆ బావిని శుభ్రం చేయుటకు ఒక కార్మికుడు దిగినాడు. పైకి రాలేదు. ఆయన కోసం దిగినవారూ రాలేదు. కబురందుకొని వచ్చిన అగ్నిమాపక సిబ్బందిలో ఇద్దరు, వారిని వెలికి తీసే ప్రయత్నంలో, అదే విషవాయువుకు బలియైనారు. మొత్తం 5 ప్రాణాలు పోయినాయి. అక్కడ మంట లేదు, పొగ లేదు. గాలి కంటె బరువైన వాయువు బావి అడుగున కదలక నిలిచి ఉన్నది, అంతే. మన ట్యాంకులలోను, మ్యాన్‌హోళ్ళలోను దిగే ముందు గ్యాస్ పరీక్ష చేసి పర్మిట్ వ్రాసేది ఇందుకే.

అగ్నిమాపక సిబ్బంది అనగానే మనకు జ్వాలలే కనబడతాయి. కాని కూలిన గోడలు, మునిగిన వీధులు, చిక్కుకొన్న లిఫ్టులు, పూడిన బావులు అన్నీ వారివే. మనమందరము బయటకు పరుగెత్తే ద్వారం గుండా లోపలికి పోవుటే వారి ఉద్యోగం. కనుక ఆ ఉద్యోగంలోని అపాయాన్ని అసాధారణ సంఘటనగా గాక, ఉద్యోగ లక్షణంగానే లెక్కించవలెను.

గడియారం ఆగిన రేవు

ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ నుండి తూర్పుగా నడిస్తే పి. డిమెలో రోడ్డు వస్తుంది. ఆ రోడ్డు వెంట పోర్టు గోడ సాగుతుంది. ఎల్లో గేటు, గ్రీన్ గేటు, ఆరెంజి గేటు అని ద్వారాలకు రంగుల పేర్లు. ఒకవైపు మస్జిద్ బందరు బజారుల నుండి మిరియాల, పసుపు వాసన వస్తుంది. రెండవవైపు నుండి డీజిలు, ఉప్పుగాలి. ముందుగా పొందిన అనుమతి పత్రంతో, సమావేశం మధ్య దొరికిన ఒక పూట, మేము లోపలికి వెళ్ళాము.

1944లో ఇక్కడ విక్టోరియా డాక్ ఉండేది. తరువాతి కాలంలో కంటెయినర్లు నిలిపేందుకు ఆ నీటి భాగాన్ని పూడ్చినారు. ఆ సంవత్సరం ఏప్రిల్ 12న 'ఫోర్ట్ స్టైకిన్' అనే నౌక ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ నుండి, కరాచీ మీదుగా వచ్చి ఇక్కడ లంగరు వేసింది. అందులో సుమారు 1,400 టన్నుల ప్రేలుడు సామగ్రి. దానితోనే వేలకొలది ప్రత్తి బేళ్ళు, నూనె పీపాలు, కలప, గంధకం. నేడు ఏ భద్రతాధికారియైనా ఆ జాబితాను చూడగానే సంతకం నిరాకరిస్తాడు. యుద్ధకాలపు అవసరం ఆ పొత్తును అనుమతించింది. ప్రేలుడు సామగ్రి ఉన్నదని తెలిపే ఎర్రజెండా కూడ ఆ నౌకపై ఎగురలేదు.

14వ తేదీ మధ్యాహ్నం రెండవ ఖానాలోని ప్రత్తి నుండి పొగ వచ్చింది. బొంబాయి అగ్నిమాపక దళం వచ్చింది. ఆనాటి దళాధిపతి నార్మన్ కూంబ్స్ స్వయంగా రంగంలో ఉన్నాడు. 900 టన్నులకు పైగా నీరు నౌకలోనికి పంపినారు. ప్రత్తి బేలు లోపల మండే మంట బేలు లోపలనే ఉంటుంది. పైన పోసిన నీరు దానిని తాకదు. నౌక ప్రక్కలు కాగి, నీరు సలసల మరిగింది. 3 గంటల 50 నిమిషాలకు నౌకను విడిచి పొమ్మని ఆజ్ఞ వెలువడింది. 16 నిమిషాల తరువాత, 4 గంటల 6 నిమిషాలకు, నౌక రెండుగా చీలింది. 12 కిలోమీటర్ల దూరాన కిటికీ అద్దాలు పగిలినాయి. సుమారు అర్ధగంట తరువాత, అంతకంటె పెద్దదైన రెండవ ప్రేలుడు సంభవించింది. కొలాబా వేధశాలలోని భూకంప యంత్రమే గాక, ఎంతో దూరంలోని సిమ్లాలో ఉన్న యంత్రమూ ఆ కంపనాన్ని నమోదు చేసింది. డాక్ గడియారపు ముళ్ళు 4 గంటల 6 నిమిషాల వద్దనే నిలిచిపోయినాయి. మంటలు ఆరుటకు మూడు దినాలు పట్టింది.

ఆ రోజు మరణించిన వారి సంఖ్యను 800 మొదలుకొని 1,300 దాకా చెబుతారు. వారిలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది. ఈ 66 మంది స్మృతి చిహ్నంగానే ఏప్రిల్ 14 దేశమంతటా అగ్నిమాపక సేవా దినమైనది.

ఆ నౌకలో మరొక సరుకు కూడ ఉన్నది. 31 పెట్టెలలో, పెట్టెకు 4 చొప్పున, 124 బంగారు కడ్డీలు. ప్రేలుడు ధాటికి కొన్ని ఆకాశానికి ఎగిరి దూరపు ఇండ్ల మీద పడినాయి. తక్కినవి బురదలో మునిగినాయి. తరువాతి దశాబ్దాలలో కూడ పూడిక తీసే యంత్రాలకు కడ్డీలు దొరుకుతూ వచ్చినాయి. కడ్డీకి తూకం ఉన్నది, ముద్ర ఉన్నది, పట్టికలో సంఖ్య ఉన్నది. కనుక ఎన్నేండ్లకు దొరికినా అది ఎవరిదో తేలిపోతుంది. ఆస్తి నష్టపోయిన పౌరులకు ప్రభుత్వం బాధ్యత వహించి పరిహారం చెల్లించింది. కాని ఒక ఫైర్‌మన్ మరణించిన తరువాత ఆ ఇంట కరగిపోయే వస్తువులకు ముద్రలు లేవు. ఆగిపోయిన చదువు, ఖాళీ చేసిన ఇల్లు, వాయిదా పడిన వైద్యం — వీటిని ఏ పూడికతీత యంత్రమూ వెలికి తీయలేదు. ఆ రేవులో నిలుచున్నప్పుడు మాకు తోచిన మొదటి సంగతి ఇది.

దారిలో కాల్బాదేవి

రేవు నుండి బైకుల్లాకు టాక్సీలో బయలుదేరి, క్రాఫర్డ్ మార్కెట్టు మీదుగా కాల్బాదేవి దారి పట్టినాము. బట్టల దుకాణాలు, లోహపు పాత్రల అంగళ్ళు, వాటి పైన కొయ్య దూలాలతో, కొయ్య మెట్లతో నిలిచిన పాత మేడలు. 2015 మే 9న ఈ ప్రాంతంలోని గోకుల్ నివాస్ అనే మేడకు నిప్పంటుకొన్నది. నివాసులను బయటకు చేర్చిన పిమ్మట మేడ కూలింది. నలుగురు అగ్నిమాపక అధికారులను ఆ ఒక్క ప్రమాదం బలిగొన్నది. అందులో ఇద్దరు ఆ శిథిలాలలోనే మరణించినారు. అప్పటి దళాధిపతి సునీల్ నేసరీకర్, మరొక అధికారి తీవ్రమైన కాలిన గాయాలతో కొన్నాళ్ళు పోరాడి, ఆసుపత్రిలో కన్నుమూసినారు.

ఆ 'కొన్నాళ్ళు' అన్న మాట వద్ద మేము చాలసేపు ఆగినాము. మరణించిన వానికి అంత్యక్రియలు, పుష్పగుచ్ఛాలు, ప్రకటనలు ఉంటాయి. గాయపడిన వానికి ఉండేది ఆసుపత్రి వరండా. కాలిన చర్మం మానుతూ ముడుచుకొనిపోతుంది. వ్రేళ్ళు వంగవు, మెడ తిరుగదు. అందుకై బిగుతైన ప్రెషర్ గార్మెంట్లను రోజుకు 23 గంటల చొప్పున, నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు రెండేండ్ల దాకా తొడుగవలసి వస్తుంది. మళ్ళీ మళ్ళీ శస్త్రచికిత్సలు, నిత్యం ఫిజియోథెరపీ. శస్త్రచికిత్స ఖర్చు సంస్థ భరించినా, తోడుండే భార్య తన పని మానుకొని వచ్చిన నష్టం, రోజూ ఆసుపత్రికి పోయివచ్చే ఆటో ఛార్జీలు, ఇంటివద్ద పిల్లలను చూచుటకు ఊరి నుండి వచ్చిన అవ్వ ఖర్చు, ఏ బిల్లులోనూ కనబడవు. సేవా నిధులు మొదట చూడవలసినది ఈ కనబడని ఖర్చులనే.

బైకుల్లా ప్రాంగణం

ముంబయి అగ్నిమాపక దళానికి కేంద్ర కార్యాలయం బైకుల్లాలో ఉన్నది. శౌర్యం, ఆత్మసంయమనం, త్యాగం అనే మూడు మాటలు ఆ దళపు ధ్యేయవాక్యం. మేము వెళ్ళినది ఏప్రిల్ 15, సోమవారం. ముందటి రోజు అమరవీరుల స్మారకం వద్ద ఉంచిన పుష్పగుచ్ఛాలు ఎండకు వాడి ఉన్నాయి. వీథులలో అంబేద్కర్ జయంతి తోరణాలు ఇంకా వ్రేలాడుతున్నాయి. రెండు సందర్భాలు ఒకే తేదీన కలిసినాయి. 1944లో ఆ ప్రేలుడు జరిగిన నాడు డాక్టర్ అంబేద్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యులుగా ఉన్నారన్న విషయం మాలో ఒకరు గుర్తుచేసినారు.

అక్కడ మాకు దారి చూపినది పదవీ విరమణ చేసిన ఒక డ్రైవర్-ఆపరేటర్. తెలుగువాడు. బైకుల్లాకు ఆనుకొనే కామాఠీపురా ఉన్నది. నిజాం రాజ్యం నుండి కట్టడపు పనులకు వచ్చిన తెలుగు కూలీలను కామాఠీలనేవారు. వారి పేరనే ఆ పేట వెలసింది. ఆయన తాత అట్లు వచ్చినవాడే. మేము తెలుగు మాటలాడగానే ఆయన ముఖం వికసించింది.

"మా తాత పాలమూరు దిక్కుకెంచి వచ్చిండు సార్. ఆయన రాళ్ళు మోసిండు, నేను ఫైరింజన్ నడిపిన," అన్నాడు.

ప్రాంగణంలో ఇంజన్ల షెడ్డుకు దాపునే సిబ్బంది కుటుంబాల నివాసాలు. బాల్కనీలలో ఆరవేసిన పిల్లల యూనిఫారాలు, తులసి కుండీలు, క్రింద సైకిలు త్రొక్కే బాలురు. గంట మ్రోగితే తండ్రి పరుగెత్తుట ఈ పిల్లలకు నిత్యకృత్యం. పని చేసే చోటనే ఇల్లు ఉండుట అగ్నిమాపక సేవ స్వభావం. నిమిషంలో బండి కదలవలెను గదా! మన టౌన్‌షిప్పులలోనూ ఫైర్ స్టేషనుకు దగ్గరి క్వార్టర్లను ఇందుకే కేటాయిస్తారు. అయితే ఆ ఇల్లు ఉద్యోగంతో ముడిపడినది. ఉద్యోగి లేనినాడు జీతంతోబాటు ఇంటి కప్పు గురించి కూడ ఆలోచన మొదలవుతుంది. సహాయ నిధులను గురించి మాటలాడేవారు ఈ సంగతిని తరచు మరచిపోతారు.

ఆయనను మేము అడిగినాము: "ఇటువంటి కుటుంబాలకు అన్నిటికంటె ఎక్కువ ఉపకరించేది ఏమిటండీ?"

ఆయన కొంతసేపు ఆలోచించి చెప్పినాడు: "పైసలు గావాలె సార్, కాదంటలేను. గని అది ఏ ఊర్లనైనా అంతే, పోయిన దినం అందరొస్తరు. ఆర్నెల్ల తర్వాత ఆ ఆడమనిషికి ఏ కాయితం ఎక్కడ ఇయ్యాల్నో ఎర్కుండదు. పిల్లగాని ఫీజు ఎప్పుడు కట్టాల్నో చెప్పెటోడుండడు. ఎంబడి నడిచెటోడు ఒక్కడు గావాలె."

వెంట నడిచేవాడు ఒక్కడు కావలెను. మేము ఆ సమావేశంలో విన్న ఉపన్యాసాలన్నిటి కంటె ఈ మాట మాకు గట్టిగా నాటుకొన్నది.

ఒక సూత్రము, దాని పరిమితి

వృత్తిరీత్యా ఇంజనీర్లము గనుక, తిరుగు ప్రయాణంలో లెక్క వేసి చూచినాము. పనిలో మరణించిన కార్మికునికి పరిహారం చెల్లించే చట్టం మన దేశంలో 1923 లోనే వచ్చింది. అగ్నిమాపక దళంలో పనిచేసేవారు ఆ చట్టపు రెండవ షెడ్యూలులో స్పష్టంగా పేర్కొనబడినారు. తరువాతి సవరణలతో స్థిరపడిన సూత్రం ఇది: నెల వేతనంలో 50 శాతాన్ని, వయస్సును బట్టి పట్టికలో ఇచ్చిన గుణకంతో హెచ్చించవలెను. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి కూడ ఈ సూత్రాన్నే స్వీకరించింది.

30 ఏండ్ల వయస్సుకు గుణకం 207.98. 2020 జనవరిలో ప్రకటించిన 15,000 రూపాయల వేతన పరిమితి ప్రకారం సగం 7,500. హెచ్చిస్తే 15,59,850 రూపాయలు. 40 ఏండ్లకు గుణకం 184.17, మొత్తం 13,81,275 రూపాయలు. వినుటకు పెద్ద మొత్తమే. కాని మొదటి మొత్తాన్ని 7 శాతం వడ్డీకి ఉంచినామనుకొంటే, నెలకు వచ్చేది సుమారు 9,100 రూపాయలు. ఇంటి అద్దె, ఇద్దరు పిల్లల చదువు, వృద్ధులైన తల్లిదండ్రుల మందులు, అన్నీ అందులోనే. ధరలు ఏటా పెరుగుతాయి. ఆ వడ్డీ పెరుగదు. అసలును ముట్టుకొంటే అదీ తరుగుతుంది. దుఃఖంలో ఉన్న ఇంటికి ఒక్కసారిగా వచ్చిన సొమ్ముకు సలహాదారులు, అప్పులవారు, దూరపు బంధువులు ఎందరో ఉంటారన్నది మనకు తెలియనిది కాదు.

ఇ.ఎస్.ఐ. పరిధిలోని వారికి దీనికి మారుగా, సగటు దిన వేతనంలో 90 శాతం లెక్కన ఆశ్రితులకు నెలనెలా భృతి వస్తుంది. ఏకమొత్తం కంటె నెలనెలా వచ్చేదే కుటుంబాన్ని నిలబెడుతుందన్న తత్త్వం అందులో ఉన్నది. రెగ్యులర్ ఉద్యోగులకు వీటికి తోడు కుటుంబ పింఛను, గ్రాట్యుటీ, బీమా ఉంటాయి. ప్రభుత్వాలు ప్రత్యేక సహాయాన్ని కూడ ప్రకటిస్తాయి. 2021 మార్చి 8న కోల్‌కతాలోని రైల్వే కార్యాలయ భవనం మంటలలో 9 మంది మరణించినప్పుడు, వారిలో నలుగురు అగ్నిమాపక సిబ్బంది. ఒక్కొక్క కుటుంబానికి 10 లక్షల రూపాయలు, ఒకరికి ప్రభుత్వోద్యోగం ఇస్తామని పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి అప్పుడు ప్రకటించినారు. ఇవన్నీ అవసరమైనవే. చట్టం ఇచ్చేది హక్కు. విరాళం దానికి బదులు కానేకాదు. హక్కు చేతికి వచ్చేలోపల ఉన్న ఖాళీని, హక్కు కొలువలేని అవసరాన్ని నింపుటే విరాళపు పని.

ఇతర దేశాల అనుభవం

ఈ విషయంలో బ్రిటన్ చరిత్ర తెలుసుకొనదగినది. రెండవ ప్రపంచ యుద్ధంలో లండను మొదలైన నగరాలపై బాంబులు కురిసినప్పుడు, నిప్పు నార్పుతూ వెయ్యిమంది దాకా అగ్నిమాపక సిబ్బంది నేలకొరిగినారు. వారి పేర్లతో సెయింట్ పాల్స్ చర్చి సమీపాన 1991లో స్మారకం నెలకొల్పినారు. కాని స్మారకం కంటె చాల ముందే, యుద్ధం నడుస్తూండగానే, 1943లో, వారి కుటుంబాల కొరకు ఒక జాతీయ సేవా నిధి వెలసింది. నేడు అది 'ఫైర్ ఫైటర్స్ ఛారిటీ' అనే పేర నడుస్తున్నది. మొదట మృతుల కుటుంబాల కొరకు ఆరంభమైనా, గాయపడిన వారు బస చేసి కోలుకొనే ఏర్పాట్లకు, మానసిక సాంత్వనకు విస్తరించింది. అక్కడి ఫైర్ స్టేషన్ల సిబ్బంది సెలవు దినాలలో ప్రజల కార్లు కడిగి ఆ నిధికి డబ్బు పోగుచేస్తారు. చేయి చాచి అడుగక, తమ పనిముట్లైన నీటితోనే సంపాదించుట చూడముచ్చటైన సంగతి.

అమెరికాలో 1976లో, విధి నిర్వహణలో మరణించిన రక్షణ సిబ్బంది కుటుంబాలకు సమాఖ్య ప్రభుత్వమే పరిహారమిచ్చే చట్టం చేసినారు. హక్కు అట్లు ఏర్పడిన తరువాత కూడ, 1992లో అక్కడి కాంగ్రెసు ఒక జాతీయ సంస్థను నెలకొల్పింది. మృతుల భార్యాపిల్లల చదువుకు వేతనాలిచ్చుట, అటువంటి దుఃఖాన్ని ముందే చవిచూచిన కుటుంబాలను కొత్తగా దుఃఖంలో పడిన కుటుంబాలతో కలుపుట దాని పనులు. బైకుల్లాలో మన పాలమూరు మనుమడు చెప్పిన 'ఎంబడి నడిచెటోడు' అక్కడ ఒక వ్యవస్థగా రూపొందినాడు.

మన గేటు లోపల

ఇదంతా మహానగరాల ముచ్చట అనుకొనుటకు వీలు లేదు. 1997 సెప్టెంబరు 14 వేకువను విశాఖపట్నం మరువలేదు. నౌక నుండి వచ్చే ఎల్.పి.జి. గొట్టంలోని లీకు మంటగా మారి, రిఫైనరీలో 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. చమురు, ఎరువులు, ఉక్కు, విద్యుత్తు — ప్రభుత్వరంగంలో మనము నడిపే ప్రతి కర్మాగారంలోనూ మండే వస్తువు ఏదో ఒకటి ఉన్నది. దానికి కాపలాగా మన సొంత ఫైర్ విభాగమో, కేంద్ర పారిశ్రామిక భద్రతా దళపు అగ్నిమాపక విభాగమో ఉన్నది. వారితోబాటు, ఇటీవలి కాలంలో కాంట్రాక్టు మీద వచ్చే ఫైర్ సిబ్బంది కూడ ఉన్నారు.

పెద్ద హోస్‌ను ఒక్కడు పట్టలేడు. ముందున్నవాడు బ్రాంచి పట్టుకొంటే, వెనుకవాడు భుజంతో ఆ ఒత్తిడిని కాస్తాడు. ముందున్నవాడు రెగ్యులర్ ఉద్యోగి, వెనుకవాడు కాంట్రాక్టు కార్మికుడు కావచ్చు. గేటు పాసుల రంగులు వేరు, జీతాలు వేరు, మరణానంతరం వచ్చే సొమ్ములూ వేరు. నీటి ఒత్తిడి మాత్రం ఇద్దరి భుజాలపైనా ఒక్కటే. చట్టం ఆ తేడాలను పాటించక తప్పదేమో. మనము ఇష్టపూర్వకంగా పోగుచేసే నిధికి అట్టి నిర్బంధం లేదు.

లెక్క చిన్నది. 5,000 మంది ఉద్యోగులున్న కర్మాగారంలో తలా నెలకు 20 రూపాయలు జీతం నుండి ఇచ్చేందుకు సమ్మతిస్తే, నెలకు లక్ష, ఏడాదికి 12 లక్షలు. ప్రమాదం లేని ఏండ్లలో అది పెరుగుతుంది. దుర్ఘటన జరిగిన తరువాత హడావుడిగా ఒకరోజు జీతం సేకరించుట కంటె ఇది మేలు. ఏలనన వార్తాపత్రికలలో పెద్దగా వచ్చిన ప్రమాదానికి ఎక్కువ, రాని ప్రమాదానికి తక్కువ అన్న వ్యత్యాసం ఉండదు.

నిధి ఉన్నంత మాత్రాన చాలదు. నియమాలు ముందే వ్రాసి ఉండవలెను. మాలో చర్చించుకొనగా తేలినవి ఐదు. మొదటిది, ప్రమాదం జరిగిన 24 గంటలలో కొంత నగదు, ఏ దరఖాస్తూ లేకుండ ఇంటికి చేరవలెను. రెండవది, గాయపడిన వానిని మృతునితో సమానంగా ఎంచి, చికిత్స ముగిసే వరకు ఆ కుటుంబపు నిత్య ఖర్చులకు నెలనెలా ఇవ్వవలెను. మూడవది, పిల్లల చదువు సహాయం ఏకమొత్తంగా గాక, ఏటా బడులు తెరిచే జూన్ నెలలో, చదువు పూర్తియగు దాకా సాగవలెను. క్వార్టరు ఖాళీ చేయవలసి వస్తే కొత్త ఇంటి అడ్వాన్సు కూడ నిధియే భరించవలెను. నాల్గవది, గేటు పాసు రంగు అడుగరాదు. ఐదవది, ప్రతి కుటుంబానికి ఒక ఉద్యోగిని, పేరు పెట్టి, మూడేండ్లపాటు తోడుగా నియమించవలెను. పింఛను కాగితాలు, బీమా, కారుణ్య నియామకపు దరఖాస్తు, బ్యాంకు పని — వీటన్నిటికీ ఆ ఉద్యోగి వెంట వెళ్ళవలెను.

వీటిలో ఐదవదానికి పైసా ఖర్చు లేదు. అందుకు కావలసినది మనలో కొందరి సమయం, ఓపిక. ఫైళ్ళు ఎట్లు కదులుతాయో, ఏ బల్ల వద్ద ఏ సంతకం కావలెనో ముప్పది ఏండ్లుగా ఎరిగినవారు మన కార్యాలయాలలో ఎందరో ఉన్నారు. ఆ ఎరుకను ఒక్క కుటుంబానికి అరువిచ్చుట భారం కాదు. మా నలుగురి పేర్లను తోడు నడిచేవారి జాబితాలో మొదటగా వ్రాసికొనవలసినదిగా సంక్షేమ విభాగానికి లేఖ ఇచ్చినాము. ఆ జాబితాలో ఐదవ వరుస, ఆపైన వరుసలు పాఠక మిత్రుల కొరకు ఖాళీగా ఉన్నాయి.